కోనసీమలో పుట్టి వంతెన దాటలేకపోతున్నాను

విభాగం: ఆరోగ్యం, మనసు

లంకవాసి (మలికిపురం) · జూన్ 21, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. పేరు చెప్పను, తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుంది. వయసు 43, కొబ్బరి వ్యాపారం.

నాకు వంతెనలంటే భయం. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మా లంకకి అటు గోదారి వశిష్ఠ పాయ, ఇటు వైనతేయ పాయ, కింద సముద్రం. వంతెన ఎక్కకుండా బయటపడాలంటే పంటు (బండ్లు కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) ఒక్కటే దారి.

ఆరేళ్ల కిందట ఓ సాయంత్రం చించినాడ వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. నా ముందు గడ్డి ట్రాక్టరు, వెనక లారీ. పక్క నుంచి టిప్పర్ వెళ్తే కాళ్ల కింద స్లాబు వణికింది. అంతే, గుండె దడ మొదలైంది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు, పోతున్నాననుకున్నాను. పాలకొల్లులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ బాగున్నాయన్నారు. గ్యాస్ మాత్ర రాసిచ్చారు. ఆ నెలలోనే ఇంకో రెండుసార్లు అదే చోట అలాగే అయింది. ఇక వంతెన ఎక్కడం మానేశాను.

ఇప్పుడు నరసాపురం, భీమవరం పనులన్నీ సఖినేటిపల్లి రేవు మీదుగానే. బండి పంటు మీద పెట్టుకుని హాయిగా వెళ్తాను. నీళ్లంటే భయం లేదు, ఈత వచ్చు. అమలాపురం వెళ్లాల్సి వస్తే పి.గన్నవరం దగ్గర బామ్మర్ది నడుపుతాడు, నేను వెనక సీట్లో కళ్లు మూసుకుంటాను.

రెండేళ్ల కిందట వరదల్లో పంటు ఆపేశారు. సరిగ్గా అప్పుడే పాలకొల్లులో పెదనాన్న పోయారు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. జ్వరమని అబద్ధం చెప్పి ఇంట్లో కూర్చున్నాను. ఈ ఏడాది అమ్మాయి భీమవరంలో ఇంజనీరింగ్‌లో చేరుతుంది. చేర్పించే రోజు ఆగస్టులో, అంటే మళ్లీ వరదల్లోనే పడుతుంది.

ఇలా ఇంకెవరికైనా ఉందా?

భీమవరం_బుల్లోడు · జూన్ 21, రాత్రి 11:20

ఆయ్! పంటు ఎక్కేవాడికి వంతెన భయమా? గోదారిలో ఈదేవాడికి గోదారి పైన నడవడం భయమా? ఓ క్వార్టరు వేసి వెనక సీట్లో పడుకో గురూ, లేచేసరికి పాలకొల్లు.

కొత్తపేట_పద్మ · జూన్ 22, ఉదయం 6:15

బుల్లోడు గారూ, నవ్వడం తేలికే. నాకు బల్లి. 37 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, రోజూ లక్షలు లెక్కపెట్టే ఉద్యోగం. వంటింట్లో బల్లి కనిపిస్తే ఆ పూటకి హోటల్ ఇడ్లీయే. పంచాంగం కొంటే బల్లి శాస్త్రం పేజీలో బొమ్మ ఉంటుందని మా ఆయన ఆ పేజీకి పిన్ను కొట్టి ఇస్తారు. అది నన్నేమీ చెయ్యదని నాకు తెలియదనుకున్నారా? తెలిసీ ఆగలేకపోవడమే కదా బాధ.

లంకవాసి గారూ, మీరు ఒంటరి కాదు.

విశ్రాంత_మాస్టారు (పాలకొల్లు) · జూన్ 22, ఉదయం 7:40

నాయనా, దీన్ని మా రోజుల్లో జడుపు అనేవారు. మసీదు దగ్గర తాయెత్తు కట్టించేవారు, పోయేది. పొద్దున్నే హనుమాన్ చాలీసా చదువుకో. వంతెన ఎక్కగానే మనసులో అనుకుంటూ ఉండు. మనోధైర్యం కావాలి. ఈ తరానికి అదే తక్కువ.

మనసుగది (కాకినాడ) · జూన్ 22, మధ్యాహ్నం 1:05

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఇక్కడ ఎవరికీ వైద్యం చెయ్యను, తెలిసింది చెప్తాను. లంకవాసి గారూ, ముందు ఒక ప్రశ్న. వంతెన మధ్యలో ఆగిపోయారనుకోండి, ఆ క్షణంలో ఏం జరుగుతుందని మీ భయం? వంతెన కూలుతుందనా? మీరే దూకేస్తారేమోననా? లేక ఇంకేదైనానా? తొందరపడకుండా ఆలోచించి రాయండి. పైకి ఒకేలా కనిపించే భయాల లోపల సంగతి వేరువేరుగా ఉంటుంది.

లంకవాసి · జూన్ 22, రాత్రి 9:30

మేడం, ఇంతవరకు ఎవరూ ఇలా అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. పొద్దుటి నుంచీ ఇదే ఆలోచన.

వంతెన కూలుతుందని కాదు. మధ్యలో గుండె ఆగితే దిగే దారి లేదని. ముందుకీ వెనక్కీ బండ్లు, అంబులెన్సు కూడా రాలేదు. ఇంకోటి చెప్పాలి. పోయిన ఏడాది రాజమండ్రిలో సినిమా హాల్లో వరస మధ్యలో సీటొచ్చింది, అక్కడా ఇదే అయింది. లేచి వచ్చేశాను. పంటు మీద మాత్రం చుట్టూ గాలి, పక్కనే పడవ మనుషులు, ఏమన్నా అయితే ఈదుకుంటూ పోవచ్చనిపిస్తుంది.

మనసుగది · జూన్ 22, రాత్రి 11:48

సినిమా హాలు సంగతి చెప్పి మంచి పని చేశారు. కథ మొత్తం అక్కడే తిరిగింది.

మామూలుగా ఫోబియా అంటే ఒక వస్తువు మీదో, చోటు మీదో, జంతువు మీదో పరిమాణం మించిన భయం. కనిపించగానే పుడుతుంది, మనిషి దాన్ని తప్పించుకు తిరుగుతాడు, బతుకు దాని చుట్టూ వంగిపోతుంది, కనీసం ఆరు నెలలుగా ఉంటుంది. పద్మ గారి బల్లి అలాంటిది. మీది కాస్త వేరుగా ఉంది. మీకు వచ్చింది ప్యానిక్ అటాక్ కావచ్చు. అది ఒకసారి వచ్చాక, మళ్లీ వస్తే బయటపడలేని చోట్లన్నీ భయపెట్టడం మొదలుపెడతాయి. వంతెన, సినిమా హాలు, కిటకిటలాడే బస్సు. దీన్ని అగోరాఫోబియా అంటారు. అంటే మీ భయం వంతెన మీద కాదు, వంతెన మీద ఉన్న మీ ఒంటి మీద. తేల్చాల్సింది మాత్రం మిమ్మల్ని ఎదురుగా చూసే డాక్టరు.

ఒంట్లో జరిగేది ఇది. ప్రమాదమనుకుని మెదడు సంకేతమిస్తే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. గబగబా ఊపిరి పీలుస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. అవి చూసి 'గుండెపోటే' అనుకుంటాం, భయం రెట్టింపవుతుంది. కానీ ఆ అల సాధారణంగా కొన్ని నిమిషాల్లో ఎత్తుకి చేరి తనంతట తనే దిగుతుంది. మీరు ఆరేళ్లుగా ఆ దిగడం చూడనే లేదు. ప్రతిసారీ ముందే వెనక్కి తిరిగారు, లేదా కళ్లు మూసుకున్నారు. దాంతో మెదడు నేర్చుకున్న పాఠం ఒక్కటే: తప్పించుకున్నాను కాబట్టి బతికాను.

మీ పంటు ఉంది చూశారూ, అది ఆరేళ్లుగా మీ భయాన్ని మేపుతోంది.

మాస్టారు గారికి ఒక మాట. జపం తప్పని అననండి. కానీ 'చాలీసా చదివాను కాబట్టే దాటాను' అనుకుంటే, చదవని రోజు దాటలేరు. చేతిలో నీళ్ల సీసా, జేబులో మాత్ర, పక్కన బామ్మర్ది, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మొదట్లో ఊతకర్రలా ఉంటే పరవాలేదు, మెల్లగా వదిలించుకోవాలి.

విశ్రాంత_మాస్టారు · జూన్ 23, ఉదయం 6:02

ఒప్పుకుంటున్నానమ్మా. హనుమంతుడంతటివాడు సముద్రం ముందు తన బలం మరిచిపోయి కూర్చుంటే జాంబవంతుడు గుర్తు చెయ్యాల్సి వచ్చింది. నేను చాలీసా చెప్పాను గానీ జాంబవంతుణ్ణి మరిచాను.

స్పాన్_లెక్కలు (రాజమహేంద్రవరం) · జూన్ 23, ఉదయం 10:10

రిటైరైన సివిల్ ఇంజనీరుని. వంతెన వణికిందన్నారు కాబట్టి చెప్తున్నాను. పెద్ద వంతెన ఒకే ముక్క కాదు, స్పాన్లు స్పాన్లుగా స్తంభాల మీది బేరింగుల పైన కూర్చుంటుంది. బరువు వెళ్తే కొద్దిగా వంగి లేస్తుంది, ఎండకి సాగుతుంది, అందుకే మధ్యలో జాయింట్లు వదులుతాం. టైరు దడదడమనేది అక్కడే. ఆ కదలికకి చోటివ్వకపోతేనే కాంక్రీటు పగులుతుంది. మా ఊళ్లో 1900లో కట్టిన హేవ్‌లాక్ వంతెన మీద 1997 దాకా రైళ్లు నడిచాయి. 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన మీద కింద రైలు వెళ్తుంటే పైన నడిచి చూడండి, కాళ్లకి తెలుస్తుంది.

లంకవాసి · జూన్ 23, ఉదయం 10:31

థాంక్స్ సార్. చివరి వాక్యం చదువుతుంటేనే అరచేతులు చెమటలు పట్టాయి.

మనసుగది · జూన్ 23, మధ్యాహ్నం 2:15

ఇదే నేను చెప్పేది. ఇంజనీరు గారి మాట వంద శాతం నిజం, విన్నాక తల ఊపుతాం, అరచేతులు మాత్రం వినవు. వాటికి అనుభవం ద్వారానే తెలియాలి. దీన్ని ఎక్స్‌పోజర్ థెరపీ అంటారు. భయపడే దానికి మెట్టు మెట్టుగా దగ్గరవుతూ, ప్రతి మెట్టు దగ్గరా పారిపోకుండా నిలబడడం.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లాడికి, వాడు ఇష్టంగా తింటున్నప్పుడు కుందేలుని రోజురోజుకీ కాస్త దగ్గరికి జరుపుతూ భయం పోగొట్టారు. 1958లో జోసెఫ్ వోల్పే అనే సైకియాట్రిస్టు ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపమిచ్చారు.

మీ విషయంలో ఇంకో మెట్టు కలపాలి. గుండె దడే మీకు భయం కాబట్టి, డాక్టరు గుండె బాగుందని చెప్పాక, కావాలనే దడ తెప్పించుకోవాలి. ఒకచోట నిలబడి నిమిషం పరుగు, గబగబా మెట్లెక్కడం. దడ వస్తుంది, పోతుంది, ఏమీ కాదు. ఒంటికి అది అర్థమవ్వాలి.

లంకవాసి · జూన్ 23, రాత్రి 8:50

మేడం, మీ దగ్గరికే వస్తాను. కానీ కాకినాడ రావాలంటే రెండు పాయలు దాటాలి!

భీమవరం_బుల్లోడు · జూన్ 23, రాత్రి 8:53

డాక్టరమ్మ అవతలి గట్టున, రోగి ఇవతలి గట్టున. గోదారి జిల్లాల బతుకే అంత.

మనసుగది · జూన్ 23, రాత్రి 10:20

😀 అక్కర్లేదు. ముందు అమలాపురంలో మానసిక వైద్యుణ్ణి ఒకసారి కలవండి, బామ్మర్దితోనే వెళ్లండి, ఈసారికి పరవాలేదు. థెరపీ వీడియో కాల్‌లో కూడా జరుగుతుంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు, ఎవరిని కలవాలో తెలియనివాళ్లు 14416కి చెయ్యండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

తాటిముంజె (అమలాపురం) · జూన్ 24, సాయంత్రం 5:44

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. నాది సూది. మామూలు భయం కాదు, కళ్లు తిరిగి పడిపోతాను. రక్తదాన శిబిరంలో ఎవరిదో సంచి నిండడం చూసి పడ్డాను, నాది ఇవ్వకుండానే. ఈ భయంతో ఎనిమిదేళ్లు షుగర్ పరీక్ష చేయించుకోలేదు. చివరికి కాలి పుండు మానకపోతే చూస్తే 340. ఇప్పుడు ఇన్సులిన్ అంటున్నారు. నేను కూడా దడ పుట్టించుకుని నిలబడాలా?

మనసుగది · జూన్ 24, రాత్రి 9:12

వద్దు, మీది పూర్తిగా వేరు, అందుకే వెంటనే రాస్తున్నాను. మిగతా ఫోబియాల్లో బీపీ, గుండె వేగం పెరుగుతాయి, పడిపోవడం అరుదు. రక్తం, సూది, గాయం అంటే భయపడేవాళ్లలో చాలామందికి ముందు పెరిగి, తర్వాత దబ్బున పడిపోతాయి. మెదడుకి రక్తం తగ్గి స్పృహ తప్పుతుంది. ఇది పిరికితనం కాదు, ఒక నరాల ప్రతిస్పందన. కుటుంబాల్లో కూడా వస్తుంటుంది. మీ నాన్నగారినో, మేనత్తనో అడిగి చూడండి.

అందుకే 'ఒళ్లు వదులు చేసుకోండి' అనే సలహా మీకు పనికిరాదు, బీపీ ఇంకా పడుతుంది. స్వీడన్‌కి చెందిన సైకాలజిస్టు లార్స్ గోరన్ ఓస్ట్ దీనికి అప్లయిడ్ టెన్షన్ అనే పద్ధతి నేర్పారు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు గట్టిగా బిగించి 10, 15 సెకన్లు పట్టుకోవాలి. ముఖం వేడెక్కినట్టు తెలుస్తుంది. వదిలి 20, 30 సెకన్లు ఆగాలి. ఇలా ఐదుసార్లు. ఇంట్లో రోజూ చేసి అలవాటయ్యాక సూది దగ్గర వాడాలి. సూది గుచ్చే చెయ్యి మాత్రం వదులుగా ఉంచండి. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడండి. మొదట్లో పడుకునే సూది వేయించుకోండి, నర్సుకి ముందే చెప్పండి, అందులో సిగ్గేమీ లేదు.

తాటిముంజె · జూన్ 24, రాత్రి 9:40

మా నాన్న కోడిని కోస్తుంటే పడిపోయేవాడు! ఊరంతా ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఇంతకాలం అది వేరే కథ అనుకున్నాను.

రాజోలు_రాకెట్ · జూన్ 25, రాత్రి 12:30

ఇంత గొడవెందుకు. అల్ప్రాజోలం అర మాత్ర వేసుకుంటే వంతెనేంటి, హిమాలయాలు దాటొచ్చు. మా బాబాయి ఆరేళ్లుగా వాడుతున్నాడు.

మనసుగది · జూన్ 25, ఉదయం 7:25

ఆరేళ్లు వాడుతున్నారంటే మీ బాబాయి గారిని దయచేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అది అలవాటు చేసే మందు. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, మెల్లగా తగ్గించాలి. మద్యంతో కలిపితే ఇంకా ప్రమాదం. బుల్లోడు గారి క్వార్టరు వైద్యమూ ఇదే కోవలోది. ఇంకో నష్టం ఏంటంటే, మత్తులో దాటితే మెదడు ఏమీ నేర్చుకోదు, 'మాత్ర దాటించింది' అనుకుంటుంది.

బల్లి, సూది లాంటి ఒకే భయానికి సాధారణంగా మందుల పాత్ర తక్కువ, థెరపీయే ముందు. ప్యానిక్, అగోరాఫోబియాకి మాత్రం ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందులు బాగా ఉపయోగపడతాయి. అవి పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది సైకియాట్రిస్టు చూసుకుంటారు.

కొత్తపేట_పద్మ · జూన్ 25, ఉదయం 8:00

మరి నా బల్లి?

మనసుగది · జూన్ 25, మధ్యాహ్నం 1:30

మీకు శుభవార్త. ఇందాక చెప్పిన ఓస్ట్ గారే ఇలాంటి భయాలకి ఒకే సిటింగ్ పద్ధతి రూపొందించారు. గరిష్ఠంగా మూడు గంటలు. బొమ్మతో మొదలుపెట్టి నిజం బల్లి దాకా. ఏదీ బలవంతంగా మీద పడెయ్యరు, ముందే చెప్పి, చేసి చూపించి, మీరు సరేనంటేనే. ఇంటి దగ్గర మొదలుపెట్టాలంటే పంచాంగం పేజీకి ఉన్న పిన్ను తియ్యండి.

కొత్తపేట_పద్మ · జూన్ 25, మధ్యాహ్నం 1:34

ఈ రోజు కాదు.

గంగబొండం (అంబాజీపేట) · జూన్ 28, రాత్రి 9:15

మా నాన్న కొబ్బరికాయలు దింపే కార్మికుడు. ముప్పై ఏళ్లు చెట్లెక్కాడు. ఒకసారి మట్ట జారి పడితే తొడ ఎముక విరిగింది. ఐదు నెలలకి ఎముక అతుక్కుంది గానీ చెట్టు మొదట్లో నిలబడితే కాళ్లు వణికేవి. తోటివాళ్ల ముందు ఏడవలేక నడుం నొప్పి అని చెప్పేవాడు.

ఆయనకి ఏ సైకాలజీ తెలియదు. మా పెరట్లో గంగబొండం చెట్టుంది, పొట్టి రకం. ముందు దాన్ని పట్టుకుని నిలబడేవాడు. తర్వాత నాలుగడుగులు ఎక్కి, దిగకుండా అక్కడే చుట్ట కాలేదాకా ఉండేవాడు. అమ్మ కింద తిడుతూ ఉండేది. పెద్ద చెట్టెక్కడానికి ఏడాది పట్టింది. ఈ చర్చ చదువుతుంటే ఆయన చేసిందేమిటో ఇప్పుడు అర్థమవుతోంది. ఇప్పటికీ గాలి ఎక్కువుంటే మాత్రం ఎక్కడు.

మనసుగది · జూన్ 28, రాత్రి 10:05

గాలిలో ఎక్కకపోవడం ఫోబియా కాదు, తెలివి. నిజంగా ప్రమాదం ఉన్నచోట భయం ఉండాలి. మీ నాన్నగారు దిగకుండా చుట్ట కాలేదాకా ఉండడం ఉంది చూశారూ, మేం క్లాసులో నేర్పేది సరిగ్గా అదే, చుట్ట మినహా. ఒక జాగ్రత్త: పడిన దృశ్యం పదేపదే కళ్ల ముందు తిరుగుతున్నా, పీడకలలు వస్తున్నా అది ఫోబియా కాకపోవచ్చు. దానికి చికిత్స వేరు, సొంతంగా చెయ్యకూడదు.

లంకవాసి · జూలై 14, రాత్రి 9:00

అమలాపురం వెళ్లొచ్చాను. మేడం అనుమానించిందే అన్నారు. మందు ఒకటి మొదలుపెట్టారు, వారానికోసారి వీడియోలో థెరపీ. నా మెట్లు నేనే రాసుకున్నాను, సున్నా నుంచి వందకి భయం మార్కులతో. ఏటిగట్టు మీద నిలబడి వంతెన చూడడం 20. మొదటి స్తంభం దాకా నడవడం 40. సగం దాకా నడవడం 70. సొంతంగా బండి మీద దాటడం 80. ట్రాఫిక్‌లో ఆగిపోవడం 100.

ఇంట్లో డాబా మెట్లు ఎక్కి దిగి దడ తెప్పించుకుంటుంటే మా ఆవిడ దెయ్యం పట్టిందనుకుంది.

రోజూ తెల్లవారుజామున బండ్లు రాకముందే వెళ్తున్నాను. గట్టు 20 అనుకున్నది నాలుగో రోజుకి 5. స్తంభం దగ్గర మొదటిరోజు 60కి పోయింది, వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. పదిహేడు నిమిషాలకి 25. ఆ దిగడం ఆరేళ్లలో మొదటిసారి చూశాను.

భీమవరం_బుల్లోడు · జూలై 14, రాత్రి 9:20

గురూ, క్వార్టరు మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం దాకా నడిచే రోజు చెప్పు. అటు చివర నుంచి నేను నడుచుకుంటూ వస్తా, మధ్యలో కలుద్దాం. బజ్జీల ఖర్చు నీది.

మనసుగది · జూలై 14, రాత్రి 9:45

మొదటి రెండుసార్లు కలవండి. మూడోసారి బుల్లోడు గారు రాకూడదు.

లంకవాసి · జూలై 27, రాత్రి 10:10

ఎదురుదెబ్బ. నిన్న సగం దాకా వెళ్లాక మబ్బు పట్టింది, గాలి లేచింది, ఒకేసారి 90. పరిగెత్తుకొచ్చేశాను. మొత్తం పోయినట్టేనా?

మనసుగది · జూలై 27, రాత్రి 10:40

పోలేదు. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త పాఠం రాసుకుంటాం. చోటు, వాతావరణం మారితే పాతది తల ఎత్తుతుంది. అందుకే ఎండలో, గాలిలో, సాయంత్రం రద్దీలో కూడా చెయ్యాలి. రేపు ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ వెళ్లండి. మూడు రోజులు ఆగారో, ఆ పరుగే గుర్తుండిపోతుంది.

లంకవాసి · ఆగస్టు 19, రాత్రి 11:30

ఆదివారం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. పంటు ఆపేశారు. అమ్మాయిని చేర్పించేది ఈ రోజే.

పెట్టె, పరుపు, బకెట్టుతో కారులో బయల్దేరాం, నేనే నడిపాను. కింద వశిష్ఠ ఎర్రగా, గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా కొట్టుకుపోతోంది. మధ్యలో ముందు బండ్లు ఆగాయి. వరద చూడ్డానికి జనం బైకులు ఆపేశారట. వంద అనుకున్న మెట్టు అదే. చేతులు స్టీరింగు మీద జారాయి. 85 దాకా వెళ్లింది. అమ్మాయి ఏదో ఫీజు రసీదు గురించి అడుగుతోంది, సగం వినపడలేదు. కళ్లు మాత్రం మూసుకోలేదు. బండ్లు కదిలేసరికి 50 ఉండొచ్చు.

వచ్చేటప్పుడు పాలకొల్లులో పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. రెండేళ్ల కిందట జ్వరం రాలేదని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, అన్నం పెట్టింది.

సిద్ధాంతం అనే ఊరి దగ్గరి వంతెన ఇంకా ఎక్కలేదు. రాజమండ్రి నాలుగు కిలోమీటర్లది తలుచుకుంటే ఇప్పటికీ 90.

కొత్తపేట_పద్మ · ఆగస్టు 20, ఉదయం 6:40

పిన్ను తీశాను. పేజీ తెరవలేదు.

లంకవాసి · ఆగస్టు 20, ఉదయం 7:05

పద్మ గారూ, అది 20 మార్కుల మెట్టు, తక్కువేం కాదు. బుల్లోడు గారూ, ఈ ఆదివారం సిద్ధాంతం దగ్గరికి వస్తారా?

భీమవరం_బుల్లోడు · ఆగస్టు 20, ఉదయం 7:11

ఆదివారం రొయ్య పట్టుబడి ఉంది. సోమవారం పెట్టుకో.